ఇంటిబండి గుట్టు రిపేర్లు

పెళ్లయిన నలభై ఒకటో రోజుకి నా దగ్గర మూడు రహస్యాలు పోగయ్యాయి. మూడూ ఒకే బండి గురించి. చెప్పిన ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని భోంచేసేవాళ్లే. ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి చెప్పి, చివర్లో ముగ్గురూ ఒకే మాట అన్నారు: "ఇంట్లో ఎవరితోనూ అనకు."

కొత్త కోడలికి ఇంతకంటే ఏం కావాలి? మూడు రోజుల పాటు నేను నేలకు జానెడు ఎత్తున నడిచాను. నాలుగో రోజు, ఆదివారం పొద్దున్న, అత్తయ్య కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టి ఆ మాట చెప్పేదాకా.

"సాయంత్రం నాలుగింటికి బండి కొనే మనిషి వస్తున్నాడు. నేనే ఫోన్ చేశాను."

బండి అంటే మామూలు బండి కాదు. మామయ్య ముప్పై ఒక్కేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాక, ఒక పాత వ్యాన్ తెచ్చి, ఐదేళ్లు దాని మీదే కూర్చుని తయారుచేసుకున్న మోటార్‌హోమ్. మేం ఇంటిబండి అంటాం. రెండు మంచాలు, గోడకు మడిచే బల్ల, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటులేని వంటగది, బీరువాలో సగం ఉండే బాత్రూమ్. కుళాయి తిప్పితే చిన్న పంపు గుర్రుమని నీళ్లు తోస్తుంది. బ్యాటరీ మీద వెలిగే ఏడు దీపాలు. నేను మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు ఏడు స్విచ్చులూ వరసగా వేసి, వరసగా ఆర్పి, మళ్లీ వేశాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి నవ్వుతూ చూశాడు. ఆ పగటి వెలుతురులో దీపాలు ఎంత మసగ్గా ఉన్నాయో ఇద్దరం గమనించలేదు. గమనించే స్థితిలో లేం.

మూడు వారాల కిందట అందరం కలిసి మొదటి ప్రయాణం చేశాం. సాయంత్రం కాగానే దీపాలన్నీ నీరసపడ్డాయి. రెండో రోజు అత్తయ్య బాత్రూమ్‌లో ముఖం కడుక్కుంటుండగా దీపం పూర్తిగా ఆరిపోయింది. తిరిగొచ్చాక ఇంకా వింతలు మొదలయ్యాయి. కుళాయి తిప్పితే వంటగది దీపాలు వాలిపోతాయి. బల్ల మీది దీపం వేస్తే మంచం మీది దీపం ముఖం చిన్నబుచ్చుకుంటుంది. బాత్రూమ్ తలుపు మూస్తే లోపల చీకటి, తెరిస్తే వెలుగు.

"వెలుగు కావాలంటే తలుపు తెరిచి స్నానం చేయాలన్నమాట," అన్నారు అత్తయ్య. "ఐదేళ్లు ఆగాను. బండి అయ్యాక ఊళ్లు తిరుగుదాం అన్నారు. మొదటి ఊరు చేరకముందే ముఖం నిండా సబ్బుతో చీకట్లో నిలబెట్టారు. ఇక చాలు. ఆ వచ్చే ఆయన తేనెటీగలు పెంచుతాడట. పూలు ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు పట్టుకుని పోతాడట. ఆయనకి పనికొస్తుంది."

మామయ్య బల్ల అంచు మీద బొటనవేలితో అటూ ఇటూ రుద్దుతూ కూర్చున్నారు. ఇంట్లో ఏ వస్తువు చేసినా అంచు నున్నగా వచ్చిందో లేదో ఆయన అలాగే చూస్తారు. ఈ బల్ల ఆయన చేసింది కాదు.

"నాలుగింటికి ముందు లైట్లు బాగైపోతే?" అని అడిగాను.

"మూడు వారాల్లో దొరకనిది ఏడు గంటల్లో దొరుకుతుందా, అమ్మాయ్?"

"దొరికితే?"

"దొరికితే అప్పుడు ఆలోచిస్తాను," అని అత్తయ్య గ్లాసులు తీసుకుని వెళ్లిపోయారు. మామయ్య వేలు బల్ల అంచు మీద ఆగిపోయింది.

ఈ ఇంట్లో చేతులు ఊరికే ఉండే మనిషి లేడు. మామయ్య సంగతి చెప్పాను. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. మా ఆయన అక్క, అంటే మా వదిన, ముందుగదిలో కుట్టుమిషన్లు రిపేరు చేస్తుంది. ఊళ్లో ఆగిపోయిన మిషన్లన్నీ ఆవిడ దగ్గరే మళ్లీ కదులుతాయి. ముగ్గురు వైద్యులున్న ఇంట్లో జలుబు తగ్గదంటారు. ఎందుకు తగ్గదో నాకు మాత్రమే తెలుసు.

మొదటి రహస్యం మా ఆయనది. ప్రయాణంలో మొదటి సాయంత్రమే, అందరూ బయట కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు, బాత్రూమ్ దీపం నల్ల వైరు ఊడదీసి తలుపు అల్యూమినియం ఫ్రేముకి మరతో బిగించాడు. "నాన్న వైరింగ్‌లో చెయ్యి పెట్టానని తెలిస్తే బాధపడతాడు," అన్నాడు నాతో. రెండోది మామయ్యది. ఇంటికొచ్చాక వంటగది దీపాల నల్ల వైర్లు తీసి పంపు వైరుకి కలిపారు. "మీ ఆయనకి చెప్పకమ్మా, డిగ్రీ లేని పని అంటాడు." మూడోది వదినది. మంచం దీపం నల్ల వైరునీ బల్ల దీపం నల్ల వైరునీ కలిపి, పైన టేపు చుట్టింది. కుట్టుమిషన్ బెల్టుకి చుట్టినంత అందంగా చుట్టిందట. "నాన్నకి, తమ్ముడికి తెలిస్తే మిషన్లు బాగుచేసేదానివి నీకెందుకే అంటారు. నువ్వు మాత్రం చూడు మరదలా, ఎంత నీటుగా వచ్చిందో."

నేను చదివింది కెమిస్ట్రీ. వైర్ల సంగతి నాకు తెలియదు. కానీ మొదటి ఏడాది ల్యాబులో నేనూ నా పక్క అమ్మాయీ ఒకే గాజు కుప్పెలో ఒకరికి తెలియకుండా ఒకరం చుక్కలు వేసి, నీళ్లలా ఉండాల్సిన ద్రావణాన్ని సిరా చేసి పెట్టాం. మా లెక్చరర్ తిట్టలేదు. "ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చింది రాయాలి," అని మాత్రం వందసార్లు రాయించారు. నాకు డిగ్రీలో గట్టిగా వంటబట్టింది ఆ ఒక్క వాక్యమే.

కాబట్టి నాకు కనిపించిన దారి ఒక్కటే. ముగ్గురి చుక్కలూ వెనక్కి తీయాలి. బండి మొదట ఎలా ఉండేదో అలా అవ్వాలి. అప్పుడు అసలు జబ్బు బయటపడుతుంది. చిక్కల్లా, మాట తప్పకుండా ఇది జరగాలి.

ముగ్గురినీ విడివిడిగా పట్టుకున్నాను. వదినకి చెప్పాను: "భోజనాలయ్యాక ఒంటిగంటకి వెళ్లి మీరు చేసింది విప్పేయండి. ఎవరికీ తెలియదు." మామయ్యకి ఒంటిగంటా ఇరవై. మా ఆయనకి ఒంటిగంటా నలభై. "రెండింటికి ఏమీ ఎరగనట్టు అందరూ కలిసి మొదటినుంచి చూద్దురుగాని," అన్నాను. ముగ్గురూ ఒప్పుకున్నారు. మా ఆయన ఒప్పుకునే ముందు చుట్టూ చూసి నా బుగ్గ గిల్లాడు. అది ఈ కథకు అవసరం లేదు, అయినా రాస్తున్నాను.

ఒంటిగంటకి నేను వాకిట్లో మెట్టు మీద చిక్కుడుకాయలు ముందేసుకుని కాపలా కూర్చున్నాను. వదిన చీరకొంగులో కట్టర్ దాచుకుని బండి ఎక్కింది. అంతా గడియారం ప్రకారమే నడుస్తోందని మురిసిపోయాను. ఒంటిగంటా పదికి మామయ్య వచ్చేశారు.

"మామయ్యా, ఇంకా పది నిమిషాలుంది."

"ముప్పై ఒక్కేళ్లు డ్యూటీకి పది నిమిషాల ముందే వెళ్లానమ్మా. ఇవాళ కొత్తగా ఆలస్యం నేర్చుకోమంటావా?"

"చిక్కుడుకాయల ఈనె ఇటునుంచి తీయాలా, అటునుంచి తీయాలా?" అన్నాను, ఆయన్ని ఆపడానికి ఇంకేం తోచక.

"ఎటునుంచి వస్తే అటునుంచి," అని ఆయన బండి ఎక్కేశారు.

చిక్కుడుకాయ చేతిలో పట్టుకునే చెవులు రిక్కించాను. తర్వాత వదిన గొంతు వినిపించింది.

"నాన్నా... అదీ... దువ్వెన పడిపోయింది."

"పైకప్పులోకి పడిందా?"

"మీరెందుకొచ్చారు?"

"నేనా? గాలి ఆడుతుందో లేదో చూద్దామని."

"చేతిలో స్క్రూడ్రైవర్‌తోనా?"

అప్పుడు బాత్రూమ్ లోపలినుంచి ఎవరో తుమ్మారు. గొళ్లెం తీసిన చప్పుడైంది. నేను చిక్కుడుకాయలు వదిలేసి పరుగెత్తుకెళ్లి చూస్తే, మా ఆయన నోట్లో మర పట్టుకుని, నెత్తి మీద దుమ్ముతో, తలుపులో నిలబడి ఉన్నాడు. పన్నెండున్నరకే వచ్చాడట. నేను కాపలాకి కూర్చోకముందే లోపల దూరాడు.

"నీకు ఒంటిగంటా నలభై అని చెప్పాను కదా," అన్నాను.

"ముందే చేసేసుకుంటే ఆ ఇరవై నిమిషాలు నీ దగ్గర కూర్చోవచ్చనుకున్నాను," అన్నాడు, మర నోట్లోంచి తీసి.

ముగ్గురూ ఒకరి చేతుల్లోకి ఒకరు చూసుకున్నారు. కట్టర్, స్క్రూడ్రైవర్, మర. తర్వాత ముగ్గురూ కలిసి నా వైపు చూశారు.

"నీకు అందరివీ తెలుసా?" అన్నారు మామయ్య.

"తెలుసు."

"మూడు రోజులు కడుపులో పెట్టుకుని తిండి ఎలా సహించింది మరదలా?"

"రెండు పూటలు సగమే తిన్నాను వదినా. మీరు వంట కుదరలేదేమో అనుకుని బాధపడ్డారు."

ముందు నవ్వింది మామయ్య. ఆయన నవ్వితే బండి కొంచెం ఊగుతుంది. "నేను పంపు వైరుకి కలిపితే, ఇదెవరు కలిపారు అని నువ్వు నన్ను అడగలేదేం?" అన్నారు కొడుకుతో.

"మొదటినుంచీ మీరు అలాగే చేసుంటారనుకున్నాను నాన్నా. మీ పనిని తప్పు పట్టడం దేనికని..."

"నేను తలుపు ఫ్రేముకి మర చూసి, లిఫ్టుల్లో ఇలా చేస్తారేమో, కొత్త పద్ధతేమో అనుకున్నాను," అన్నారు మామయ్య.

"నన్నెవరూ ఏమీ అనుకోలేదా?" అంది వదిన.

"నీ టేపు కంపెనీ పనిలా ఉంటే, నాన్నే చుట్టాడనుకున్నాను అక్కా," అన్నాడు మా ఆయన. వదిన ఆ మాటకి ఎంత పొంగిపోయిందంటే, తన ముడి తనే విప్పుతూ రెండుసార్లు ఆగి చూసుకుంది.

మామయ్య పాత క్యాలెండర్ వెనక గీసుకున్న వైరింగ్ పటం తెచ్చారు. ఏడు దీపాలు, ఏడు స్విచ్చులు. ఎర్ర గీతలు కరెంటు వెళ్లే దారి. నల్ల గీతలు తిరిగొచ్చే దారి. నల్ల గీతలన్నీ ఒకచోట కలిసి, మెట్టు కింద ఒక బోల్టు దగ్గర బండి ఇనుప శరీరాన్ని పట్టుకుంటాయి. అక్కణ్నుంచి ఇనుము మీదుగానే కరెంటు బ్యాటరీకి చేరుతుంది. నేను పటం చూసి చదివాను, వాళ్లు వైర్లు సర్దారు. రెండింటికల్లా బండి మొదటి రోజు ఎలా ఉందో అలా అయింది.

కర్టెన్లు దించి స్విచ్చులు వేశాం. ఏడు దీపాలూ ఒకేలా మసగ్గా వెలిగాయి. కుళాయి తిప్పితే ఏడూ కలిసి వాలాయి. తలుపు మూసినా తెరిచినా తేడా లేదు.

"అంతా పాడైపోయింది," అంది వదిన.

"కాదే, బాగుపడింది," అన్నారు మామయ్య. "ఇందాక ఏడు జబ్బులు. ఇప్పుడొక్కటే. అన్ని కొమ్మలూ ఒకేలా వాడితే చూడాల్సింది ఆకుల్ని కాదు."

మా ఆయన మంచం మీది దీపం ఊడదీసి, ఆ వైర్ల మధ్య మీటరు పెట్టాడు. మిగతా దీపాలు ఆర్పించాడు. పన్నెండున్నర వోల్టులు, నిండుగా. "నేను కొలిచిన ప్రతిసారీ ఇంతే. ఇక్కడే మోసపోయాను. ఏ తప్పూ లేదని చూపిస్తుంది."

"ఖాళీ బస్సు ఏ ఎత్తయినా ఎక్కుతుందిరా," అన్నారు మామయ్య. "జనం నిండా ఎక్కితే కదా ఇంజను సంగతి తెలిసేది. అన్నీ ఎక్కించు. అప్పుడు కొలువు."

దీపం తిరిగి బిగించి, ఏడూ వేసి, వదినని కుళాయి తిప్పి పట్టుకోమని, మళ్లీ అక్కడే కొలిచాడు. తొమ్మిది. మూడున్నర వోల్టులు దారిలో ఎక్కడో జారిపోతున్నాయి. ఎర్ర దారి చూశాడు, ఎక్కడా నష్టం లేదు. అప్పుడు మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ మీద కట్టేసి, ఎర్ర తీగతో దీపం నల్ల వైరుని ముట్టుకున్నాడు.

"ఇక్కడ దాదాపు సున్నా రావాలి," అని నాకు చెప్పాడు. చూపించింది మూడున్నర.

నాకు ఒళ్లు ఝల్లుమంది. పరీక్ష గొట్టంలో రంగు మారినప్పుడు కూడా నేను ఇంత సంతోషపడలేదు. పోయిన మూడున్నరా ఇక్కడ దాక్కుంది.

ఇక తిరుగు దారి వెంట నడవడమే. మా ఆయన మెట్టు పెట్టె పలక తీసి, నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి పెట్టాడు. నేను మీటరు చదివాను. బండి ఇనుము మీద పెడితే సున్నా. బోల్టు కింద వైరు చివర ఉంగరంలా ఉన్న రాగి కన్ను మీద పెడితే మూడున్నర. రెండింటి మధ్య దూరం నా చిటికెన వేలంత. మామయ్య ఒక మందపాటి వైరు ముక్క తెచ్చి, ఒక కొస రాగి కన్నుకి, రెండో కొస ఇనుము మీద గీకి మెరిసేలా చేసిన చోట ఆనించారు.

ఏడు దీపాలూ ఒక్కసారిగా కళ్లు తెరిచాయి. వదిన కుళాయి కట్టేయడం మర్చిపోయింది. నీళ్లు పోతూనే ఉన్నాయి, దీపాలు మాత్రం రెప్ప వేయలేదు.

బ్యాటరీ వైరు తీసేసి బోల్టు విప్పాం. రాగి కన్ను కింద, ఇనుము తగలాల్సిన చోట, పెయింట్. నున్నగా, ముద్దుగా, రెండు పూతలు వేసిన ఆకుపచ్చ పెయింట్. కరెంటు పాపం ఆ పెయింట్ దాటలేక, బోల్టు మరల సందుల్లోంచి ఇరుక్కుంటూ వెళ్తోంది.

"నేను వేసింది నలుపు," అన్నారు మామయ్య మెల్లగా. "ఇక్కడ అది కూడా గీకేశాను. ఈ రంగు మన బండికి ఎక్కడా లేదు."

లేదు. ఆ రంగు పెరట్లో పూలకుండీల స్టాండుకి ఉంది. ముగ్గురం కలిసి ఇంటివైపు తలతిప్పాం. మామయ్య తిప్పలేదు.

అత్తయ్య వాకిట్లోనే ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. నేను వదిలేసిన చిక్కుడుకాయల గిన్నె చేతిలో ఉంది.

"అది నేను వేశాను," అన్నారు.

గిన్నె మెట్టు మీద పెట్టి, దగ్గరికొచ్చి బోల్టు వైపు చూపించారు.

"ప్రయాణానికి వారం ముందు. బోల్టు చుట్టూ తుప్పు కనిపించింది. ఇంత ముస్తాబు చేసి, ఎక్కే మెట్టు దగ్గరే తుప్పేంటి అనిపించింది. పైపైన పూసేయడం నాకు రాదు. విప్పి, తుడిచి, కిందా పైనా వేసి, ఆరాక మళ్లీ బిగించాను."

"ఆ బోల్టుకి ఏ స్పానర్ పడుతుందో నీకెలా తెలుసు?" అన్నారు మామయ్య.

"పదమూడు. ఐదేళ్లు అడిగిందల్లా అందించింది ఎవరు మరి?"

మామయ్య నేల మీదే కూర్చుండిపోయారు. ఆయన ముఖంలో కోపం వెతికాను, లేదు. "వారం ముందా?" అని మాత్రం అన్నారు. "నీకు ఈ బండంటే గిట్టదేమో, నా పోరు పడలేక వస్తున్నావేమో అనుకున్నాను."

"గిట్టకపోతే రెండు పూతలు వేస్తానా?" అన్నారు అత్తయ్య. తర్వాత, "నా దీపం నేనే ఆర్పుకుని మూడు వారాలు మిమ్మల్ని సాధించానన్నమాట," అన్నారు. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"సగం పాపం నాది అమ్మా," అన్నాడు మా ఆయన పడుకున్నచోటు నుంచే. "నువ్వు మసక చేశావు. తలుపు మూస్తే పూర్తిగా ఆరిపోయేలా చేసింది నేను."

"అయితే సబ్బు కళ్లల్లో పోయింది నీ వల్లా? లే. లేచి ఆ గరుకు కాగితం ఇటివ్వు."

పెయింట్‌ని ఆవిడే గీకారు. ఇనుము వెండిలా మెరిసేదాకా వదల్లేదు. మామయ్య పళ్లున్న వాషరు వేసి బోల్టు బిగించారు. "ఇప్పుడు పైన వేసుకో, ఏ రంగైనా," అంటే అత్తయ్య అప్పుడే బ్రష్షు తెచ్చారు. బ్యాటరీ తగిలించి కొలిస్తే, అన్ని దీపాలూ పంపూ నడుస్తుండగా, ఆ బోల్టు దగ్గర మీటరు సున్నా పక్కన ఏదో చిన్న అంకె చూపించింది. మా ఆయన ఆ అంకెను ముద్దు పెట్టుకునేలా చూశాడు. నాకు కొంచెం అసూయ వేసింది.

నాలుగింటికి తేనెటీగల ఆయన జీపులో వచ్చాడు. పొడుగు మనిషి, లోపలికి వంగి వచ్చాడు. ఏడు దీపాలూ వేశాడు, ఆర్పాడు, కుళాయి తిప్పాడు, బాత్రూమ్ తలుపు మూసి తెరిచాడు. మామయ్య బయట టైర్లు చూస్తున్నారు. వాటికి చూడాల్సిందేమీ లేదు. ఒక టైరు దగ్గరే చాలాసేపు వంగి ఉన్నారు.

"లైట్లు బాగాలేవన్నారు ఫోన్‌లో. భేషుగ్గా ఉన్నాయి," అన్నాడాయన. "ఖాయం చేసేసుకుందామండీ."

నేను అత్తయ్య వైపు చూడలేక మా ఆయన చొక్కా చివర పట్టుకున్నాను. ఆ పట్టుకోవడం మా ఆయన కోసం కాదు, బండి కోసం కాదు, కిటికీలోంచి కనిపిస్తున్న మామయ్య వీపు కోసం.

"మీరు ఇంత దూరం వచ్చారు, మన్నించాలి," అన్నారు అత్తయ్య. "ఇవ్వను."

"బాగైంది కదండీ?"

"బాగైంది కాబట్టే."

"అంటే బాగాలేనిది నాకు అంటగడదామనుకున్నారా?"

అత్తయ్య బల్ల మీద లేని దుమ్ము దులిపారు. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అనుకున్నాను," అన్నారు అత్తయ్య చివరికి. "లైట్లు బాగాలేవని దాచలేదు కదా. దాచిందల్లా నాకు ఇష్టమన్న సంగతే. కాఫీ తాగి వెళ్లండి."

కిటికీలోంచి చూస్తే మామయ్య టైరు దగ్గర నిటారుగా లేచి నిలబడ్డారు. అంతా విన్నారు. అక్కడినుంచే, "పొద్దున్నే ఆరింటికి బయల్దేరదామా?" అన్నారు.

"ఐదింటికి. మీరు ఎలాగూ పది నిమిషాల ముందే వస్తారు," అన్నారు అత్తయ్య.

తేనెటీగల ఆయన మంచివాడు. నవ్వేసి, లోపలికొచ్చిన మామయ్య పక్కనే మడతబల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగాడు. తాగుతూ తాగుతూ, "మీరంతా ఇంత పనిమంతులు కదా, నా జీపుకి కుడివైపు ఇండికేటర్ వెలగదండీ," అన్నాడు.

ఆ మాట పూర్తవకముందే నలుగురూ లేచి నిలబడ్డారు. చెప్పాను కదా, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటులేని బండి అది.

"ఒకసారికి ఒక్కళ్లే," అన్నాను నేను, వైరింగ్ పటం అంచున తెల్లగా ఉన్నచోట తేదీ వేస్తూ. "ఎవరేం ముట్టుకున్నా ముందు నాకు చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి."

"విన్నారా," అన్నారు అత్తయ్య గర్వంగా, మొదటి చెయ్యి తనే ఎత్తుతూ.